మెట్లు లేని ఇల్లు

మా సూపర్‌వైజర్ గారు పోయారని శుక్రవారం ఉదయం ద్వారకా నగర్‌లో బస్సు దిగుతుంటే ఫోనొచ్చింది. చెప్పింది నా పాత సహోద్యోగి. "ఎలా పోయారు? ఎక్కడ? పక్కన ఎవరున్నారు?" అని వరసగా అడిగేశాను.  "నువ్వూ ఆవిడలాగే తయారయ్యావే" అంది. గుండెపోటు, ఇంట్లోనే, కూతురు చెయ్యి పట్టుకునే ఉందట. అది తెలిశాకే ఏడుపొచ్చింది.

ఆ ప్రశ్నలు ఆవిడవి. ప్రభుత్వ ప్రజారోగ్య శాఖలో మాది గాయాలు నమోదు చేసే చిన్న విభాగం. దెబ్బలతో ఆసుపత్రికొచ్చినవాళ్ళను అడిగి ఫారాలు నింపాలి. ఏ దెబ్బ ఎక్కడ, ఎందుకు తగులుతోందో చూసి, మళ్ళీ తగలకుండా ఏం చేయాలో చెప్పాలి. జ్వరాలూ దోమలూ చూసుకునే శాఖకు ఈ కొట్లాటల గొడవెందుకని మావాళ్ళే నవ్వేవారు. "దోమ ఏ గుంటలో పుడతాదో ఎతుకుతాం కదా బాబూ, దెబ్బ ఏ గుంటలో పుడతాదో ఎతకొద్దా?" అనేవారు ఆవిడ. యాక్సిడెంట్ అన్న మాట ఆవిడకు గిట్టేది కాదు. "అది దేవుడి మీదకి తోసీసే మాట." కూర్మన్నపాలెం దగ్గర ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చేవాళ్ళంతా ఒకే మలుపులో బండ్ల మీంచి పడుతున్నారని ఫారాలు చూసి పట్టుకుని, అక్కడ లైటు వెలిగేదాకా రోడ్ల ఇంజనీరు గారిని నిద్రపోనివ్వలేదు. ఫారంలో 'ఎలా జరిగింది' అన్న గడిని మాత్రం అన్నిటికన్నా చివర నింపేవారు. ముందు అన్నం తిన్నారా అని అడిగేవారు.

నేను చేరిన మొదటి ఏడాదిలోనే యారాడ నుంచి ఒకామె నుదుటికి కుట్లు వేయించుకోవడానికి వచ్చింది. మెట్ల మీంచి పడ్డానంది. అలాగే రాశాను. ఆ ఏడాది అది మూడోసారి. సూపర్‌వైజర్ గారు మూడు ఫారాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి నన్ను పిలిచారు.

"పిల్లా, ఆల ఇంటికి మెట్లున్నాయేటి?"

"తెలీదు మేడమ్."

"తెలీకుండానే మూడుసార్లు రాసీసినావా? ఉంటే బాగుసేయించాలి. లేపోతే..." మూడు ఫారాలూ నావైపు జరిపారు.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. ఇసుకలో నేలకు అతుక్కున్నట్టున్న రేకుల ఇల్లు. గుమ్మంలో భర్త వల బాగుచేసుకుంటున్నాడు, దారం కోసే కత్తి చేతిలో ఉంది. "ఏటండీ, సర్వేనా?" అన్నాడు. "కుట్లు మానినాయో లేదో సూద్దామని బాబూ" అన్నారు ఆవిడ. ఆమె తల దించుకుని బయటికొచ్చింది. నేను చుట్టూ చూసి, తెలివితక్కువగా, పైకే అనేశాను: "ఇక్కడ మెట్లేవీ లేవే."

అతని చేయి ఆగింది. "ఏ మెట్లు? ఏటి సెప్పినావే నువ్వు?" అన్నాడు భార్యతో. ఆమె నావైపు చూసిన చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

సూపర్‌వైజర్ గారు తొణకలేదు. "ఈవిడ కొత్త బాబూ. సదువుకున్న పిల్లే గాని కాగితాలు కలిపేత్తాది. ఆ మెట్లు ఇంకెవరో ముసలమ్మవి." అని అక్కడే ఇసుకలో కూలబడి మంచినీళ్ళడిగారు. గుక్క గుక్కకూ ఆగి తాగారు. "నీ కుట్లు మా డాక్టరు కుట్లకన్నా నయం" అన్నారు వల చూస్తూ. అతను సగం నవ్వాడు. "మంగళారం మా హెల్త్ సెంటర్‌కి రావాల, కుట్లు ఇప్పాల. రాకపోతే సీము పడతాది. అప్పుడు నువ్వు ఏటకెల్లడం మానీసి పెద్దాసుపత్రిలో కూకోవాల." "అంపిత్తాన్లెండి" అన్నాడతను.

వచ్చేస్తూ పక్కింటి పెద్దమ్మ దగ్గర ఆగారు. "ఆ ఇంట్లో గొడవైతే ఎల్లి తలుపు కొట్టు. ఉప్పు కావాలని అడుగు. ఇంకేటీ అనకు."

బస్సులో నన్ను తిట్టలేదు. "నీ నోటికి తొందర. ఆ తొందరకి దెబ్బలు ఆవిడ తింటాది" అన్నారంతే. పోలీసులకు చెప్పేద్దామన్నాను. "ఆవిడ సెప్పమనకుండా మనం సెప్తే, రేత్రికి ఆ ఇంట్లో ఉండేది మనం కాదు." అది సరైన మాటేనా? అప్పుడు నమ్మాను. ఇప్పటికీ కొన్ని రోజులు నమ్ముతాను, కొన్ని రోజులు నమ్మను. మంగళవారం దాకా, ఆసుపత్రి నుంచి రోజూ వచ్చే గాయాల జాబితాలో ఆమె పేరుంటుందేమోనని వెతికేదాన్ని.

మంగళవారం పదయింది. పదకొండయింది. ఆ తర్వాత వచ్చింది, నడుచుకుంటూ. మోచేతి మీద కొత్తగా కమిలిన మచ్చ.

"మెట్లు మెట్లు అని అడిగినాడమ్మా, మీరెల్లినాక. పెద్దమ్మ ఉప్పుకని రాబట్టి సరిపోయింది."

 సూపర్‌వైజర్ గారు అన్నం తిన్నావా అని అడిగారు. లేదంటే తన క్యారేజీ విప్పి పెట్టారు. సగం తిని ఆమె ముద్ద చేతిలోనే ఉంచుకుని అంది: "నాను పడలేదమ్మా. తోసీసినాడు. మూడుసార్లూ. మా అన్నకి ఫోన్ సెయ్యండి, ఇంక నానెల్లను."

అన్న వచ్చాడు. పోలీసులూ కోర్టూ తర్వాత వచ్చాయి, అదేమీ సాఫీగా సాగలేదు. ఆమె బతికి ఉంది, బాగుంది. నా తప్పు వల్ల తిన్న ఆ దెబ్బ గురించి ఒక్కసారీ అనలేదు.

కానీ అన్న రావడానికి ముందు ఒక గంట ఉంది. బయట బండి ఆగిన చప్పుడైంది. ఆమె భర్తే. ఆమె బల్ల కిందికి ఒదిగిపోయింది. సూపర్‌వైజర్ గారు కుర్చీ ఈడ్చుకెళ్ళి గుమ్మానికి అడ్డంగా వేసి, మాకు వీపు పెట్టి, రోడ్డువైపు తిరిగి కూర్చున్నారు.

"నువ్వు రాయి పిల్లా. ఈసారి అడిగి రాయి."

"లెగండి మేడమ్, మా ఆడదాన్తో మాటాడాల" అంటున్నాడతను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆవిడ లేవలేదు, గొంతు పెంచలేదు. చేతిసంచిలోంచి వాము పొట్లం తీసి, చిటికెడు నోట్లో వేసుకుని, అతని వైపే చూస్తూ నెమ్మదిగా నమలసాగారు.