అత్తయ్య కారు... ఫ్యాను రేకుకి ఏడు చిల్లులు

మా చిన్నప్పుడు... అత్తయ్య కారు రోడ్డు పక్కన ఆగితే చాలు, ఎవరో ఒకరు చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చేవారు, రేడియేటర్లో పోయమని. ఆ కారుకి రేడియేటరే లేదు. ఇంజిను వెనక, డిక్కీ ముందు... అది చల్లబడేది నీళ్ళతో కాదు, గాలితో. అత్తయ్య ఓపిగ్గా చెప్పేది. వాళ్ళు నమ్మక, చెంబు పట్టుకుని అలాగే నిలబడేవారు.

అత్తయ్య అంటే నాన్నకి చెల్లెలు. బందరులో మిషన్ ఆసుపత్రి నర్సు. అక్కడ పనిచేసిన దొరసాని డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతూ, తాబేలు డిప్పలా ఉండే ఆ కారు నడపడం నేర్పి మరీ అత్తయ్యకి ఇచ్చేసింది. మా వీధిలో కారు నడిపే ఆడమనిషి అత్తయ్య ఒక్కతే... పక్క సీట్లో నేను. అప్పటి నా గొప్ప ఏం చెప్పమంటారు.

ఓ ఎండాకాలం, అవనిగడ్డ చర్చిలో స్త్రీల సమాజం కూడికకి బయల్దేరాం. చల్లపల్లి ఇంకా రెండు మైళ్ళుందనగా మాడు వాసన... అత్తయ్య పక్కకి తీసి ఆపేలోపే ఇంజిను బిగుసుకుపోయింది. ట్రాక్టరుకి కట్టి బందరు లాక్కొచ్చారు.

నాన్న ఒక్కటే మాటన్నారు. "ఆడవాళ్ళ చేతికి బండిస్తే ఇంతే."

ఆ రోజు నుంచీ మా ఇంట్లో అదో సామెత. పాలు పొంగినా, కూర మాడినా "చల్లపల్లి దాకా వచ్చిందా?" అని నవ్వుకునేవాళ్ళం. అత్తయ్యా నవ్వేది... కానీ మళ్ళీ స్టీరింగు పట్టలేదు. కారు షెడ్డులో పడి ఉంది. దాని మీద టార్పాలిను, టార్పాలిను మీద కోళ్ళు.

పోయినేడాది నాకు పంతం పట్టింది. కారు బాగుచేయించాలి, అత్తయ్యే నడపాలి, అవనిగడ్డ చేరాలి. ఇంట్లోవాళ్ళు నాకు పిచ్చి పట్టిందన్నారు. నాన్నైతే "మళ్ళీ చల్లపల్లే" అన్నారు. ఆ మాటతో నా పంతం ఇంకో రెండు మెట్లెక్కింది. కారుని లారీ ఎక్కించి, గుడివాడలో పాత కార్లు బాగుచేసే బాజీ గారి షెడ్డులో దింపించాను.

వారానికి ఫోనొచ్చింది. "మేడమ్, ఒకసారి రండి. మీరు చూడాల్సింది ఒకటుంది."

వెళ్తే, ఇంజిను మీద ఉండే పెద్ద రేకు బల్ల మీద పెట్టి ఉంది. ఫ్యాను కొట్టే గాలిని పట్టి సిలిండర్ల మీదకి పంపే రేకు అది. దానికి ఏడు చిల్లులు... ఒక్కోటి రూపాయి బిళ్ళంత. డ్రిల్లు పెట్టి కొట్టినవి.

"ఎవరో గాలాడుతుందని కొట్టించారండి" అన్నారు బాజీ గారు. "కాలవకి మధ్యలో గండి పడితే శివారు పొలానికి నీళ్ళెలా వస్తాయండీ? ఇదీ అంతే. లోపలి సిలిండరుకి గాలందలేదు. నడిపినోళ్ళ తప్పేం లేదు మేడమ్. ఎవరు నడిపినా మాడేదే."

నాకు ఏడుపొచ్చింది. బాజీ గారు అటు తిరిగి స్పానర్లు సర్దుకున్నారు.

ఇక రేకు సంగతి. చిల్లులు వెల్డింగ్ చేసి అదే బిగిస్తానన్నారాయన. వద్దన్నాను... అది నాకు సాక్ష్యం. మా తమ్ముడు తళతళలాడే క్రోమ్‌ది ఫొటో పంపాడు. మెరుపే తప్ప దాంతో ఇంజినుకి ఒరిగేదేం లేదని బాజీ గారు తీసిపారేశారు. చివరికి తుక్కులో పోతున్న ఇంకో కారుది దొరికింది. ఇనుప రేకు, నల్లది, అందమేం లేదు. కాకపోతే పాతదాంట్లో ఆయిలుని చల్లబరిచే డబ్బా గాలికి అడ్డంగా లోపలే ఉంటుంది. దీంట్లో దానికి వెనక విడిగా చిన్న గది. గాలి దారి ఖాళీ. దానికి సరిపడే వెడల్పు ఫ్యాను కోసం ఇంకో రెండు నెలలు ఆగాం.

"బండి చలికాలంలో తీయండి మేడమ్, ఇంజినుకి సుఖం" అన్నారు బాజీ గారు. మే నెలలోనే తీస్తానన్నాను.

చిల్లుల రేకుని పాత చీరలో చుట్టి బస్సులో ఇంటికి తెచ్చి, నాన్న ముందు పెట్టాను. "ఇవి ఎవరు కొట్టించారు నాన్నా?"

కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో చిల్లూ వేలితో తడిమారు. "నేనేనమ్మా. వేడెక్కే ఇంజిన్ని మూసిపెడితే ఎలా చల్లబడుతుందీ అనుకున్నా... మీ అత్తయ్య వద్దంటూనే ఉంది."

అంటే అత్తయ్యకి అప్పటి నుంచీ తెలుసు. ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావని అత్తయ్యని అడిగాను.

"చెప్పానే. రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్తే గయ్యాళి అంటారు."

నెల రోజులు బీచి రోడ్డులో ప్రాక్టీసు చేసింది అత్తయ్య. మళ్ళీ లైసెన్సు తీసుకుంది. మొన్న మేలో, పదకొండు గంటల ఎండలో బయల్దేరాం. నాన్న ఎవరూ పిలవకుండానే వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు. చల్లపల్లి దగ్గరపడుతుంటే "కాసేపు ఆపుదామా?" అన్నారు మెల్లగా.

"కూర్చో అన్నయ్యా" అంది అత్తయ్య. కారు ఆపలేదు.

అవనిగడ్డలో చర్చి ముందు దిగగానే ఆ ఊళ్ళో ఉన్న మా బంధువులంతా చుట్టూ మూగారు. ఎవరో అలవాటు కొద్దీ "చల్లపల్లి దాటిందే..." అని నవ్వబోయారు. నాన్న కారు తలుపు పట్టుకుని నిలబడి, అందరికీ వినపడేలా అన్నారు. "ఆ రోజు ఇంజిను కాల్చింది నేను. మా చెల్లి కాదు."

అత్తయ్య తాళంచెవి కొంగున ముడేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు బందరులో ఆడపిల్లలు కార్లు నడుపుతుంటే ఎవరూ తల తిప్పి కూడా చూడరు. చూస్తే నాకు సంతోషమే... ఆ వెంటనే, నలభై ఏళ్ళు ఆటో వెనక సీట్లో కూర్చున్న మా అత్తయ్య గుర్తొస్తుంది. రేకంటే వెతికి తెచ్చాను గానీ, ఆ నలభై ఏళ్ళు ఎక్కడి నుంచి తేను...

మీ ఇంట్లోనూ నవ్వుతూ నవ్వుతూ ఒకరి మీద వేసేసిన నింద ఏదైనా ఉందా? ఆ మనిషి ఉండగానే అసలేం జరిగిందో అడగండి. అడిగాక, వాళ్ళేమన్నారో కింద రాయండి... అత్తయ్యకి చదివి వినిపిస్తాను.