సగం పేరు వద్దన్న డబ్బాలమ్మాయి

ఇంట్లోవాళ్లు ఆమెను డబ్బాలమ్మాయి అంటారు. మొదట అన్నది అత్తగారే. కోడలు వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, తెర మీద చిన్న చిన్న డబ్బాలను వేలితో ఇటు లాగి అటు పేరుస్తుంటే కాసేపు చూసి, "మా ఇంట్లో ఉన్న డబ్బాలు సర్దడానికి తీరిక లేదు గానీ, ఇందులోవి మాత్రం ముచ్చటగా సర్దుతుంది" అన్నారు. అది ఎత్తిపొడుపే. అయినా ఆ పేరు నిలిచిపోయింది, ఆమెకూ నచ్చింది.

ఆ డబ్బాలే ఆమె పని. కోడ్ ఒక్క ముక్క రాయకుండా, సిద్ధంగా ఉన్న భాగాలను పేర్చి యాప్ కట్టే పనిముట్లు ఉన్నాయి. వాటితో ఆమె చిన్న కొట్లకు పనికొచ్చే టెంప్లేట్లు తయారుచేసి, ఆన్‌లైన్ అంగడిలో అమ్మకానికి పెడుతుంది. కొన్నవాళ్లు దాన్ని కాపీ చేసుకుని, తమ కొట్టు పేరు, తమ ధరలు పెట్టుకుంటే చాలు, యాప్ సిద్ధం. ఇల్లు గడవడంలో భర్త డిపోలో బస్సులు బాగుచేసి తెచ్చే జీతం ఎంతో, ఈ టెంప్లేట్ల రాబడీ అంతే.

ఆమెకు అన్నిటికన్నా పేరు తెచ్చింది లాండ్రీ టెంప్లేటు. అది ఊహించి కట్టింది కాదు. పెళ్లికి ముందు ఒక లాండ్రీలో బట్టలు తీసుకునే బల్ల దగ్గర కూర్చునేది. ఆ కొట్టు యజమానిని బాబాయ్ అనేది. యాప్ కడదామనుకున్నప్పుడు మళ్లీ అక్కడికే వెళ్లి, మూలన స్టూలు వేసుకుని, వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చుంది. కర్టెన్లు తెచ్చినవాళ్లు ఎన్ని రెక్కలో చెప్పరు. కోటు తెచ్చినవాళ్లు జేబులు చూసుకోరు. బొత్తం ఊడితే అది ముందే ఊడిందా, ఇక్కడ ఊడిందా అని గొడవ. ఒకసారి బాబాయ్‌తో ఒక పెద్దమనిషి బొత్తం కోసం కొట్టు దద్దరిల్లేలా పోట్లాడాడు. అది చూశాకే ఆమె తన టెంప్లేటులో ఒక డబ్బా అదనంగా పెట్టింది. దాని పేరు 'అడిగాకే'. మరక గానీ, చిరుగు గానీ, లేని బొత్తం గానీ కనిపిస్తే ఆ బట్ట అక్కడే ఆగుతుంది. ఫోటో తీసి పంపి, అది తెచ్చినవాళ్లు సరే అన్నాకే నీళ్లలోకి వెళ్తుంది. దాని కింద ఆమె రాసిన మాటలు కూడా బాబాయ్ మాటల్లాగే ఉంటాయి: "బొత్తం సంగతి ఇప్పుడే తేల్చుకుందాం, తర్వాత మొహాలు మాడ్చుకోవద్దు."

అమ్మే పద్ధతి కూడా ఆమెదే. కొట్లవాళ్లు బొమ్మ చూసి కొనరు, చేత్తో ముట్టుకుని చూస్తే గానీ నమ్మరు. అందుకని ఎవరు అడిగినా ఒక నమూనా పంపేది. దాన్ని కాపీ చేసుకుని ఆడించి చూసుకునే వీలు కూడా తెరిచే ఉంచేది. నమూనాలో యజమాని ఫోన్ అని ఉన్నచోటా, సాయం పేజీలోనూ అత్తగారి నంబరు పెట్టింది, ఎందుకంటే తన ఫోన్ ఎప్పుడూ పనిలో ఉంటుంది. ఎవరైనా ఉత్తుత్తి చొక్కా ఒకటి నమోదు చేసి చూస్తే అత్తగారి ఫోన్ టింగుమనేది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ఆ నంబరుకు తిరిగి ఫోన్ చేసి, "మీ చొక్కా వచ్చింది బాబూ, బాగానే పనిచేస్తోంది" అని చెప్పేవారు. ఆవిడకు అదో కాలక్షేపం. అలా చెప్పినందుకే కొన్నవాళ్లూ ఉన్నారు.

ఒక మధ్యాహ్నం ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి, తన దుప్పట్లు ఏమయ్యాయని అత్తగారిని నిలదీసింది. అత్తగారు తనకు తెలిసిన దుప్పట్లన్నీ తమ మంచాల మీదే ఉన్నాయన్నారు. మర్నాడు ఇంకొకాయన కోటు గురించి అడిగాడు. ఆ తర్వాత ఒక లాండ్రీ యజమానే ఫోన్ చేసి, యాప్ తెరుచుకోవడం లేదు, సాయం కోసం ఈ నంబరే ఉంది అన్నాడు. కోడలు ఫోన్ అందుకుని, మీరు దీన్ని ఎవరి దగ్గర కొన్నారని అడిగింది. ఆయన చెప్పిన పేరు ఆమెది కాదు.

అంగడిలో వెతికితే కనిపించింది. రంగు మార్చాడు. పేరు మార్చాడు. ధర సగానికి కోశాడు. పక్కన కోటు వేసుకుని, చేతులు కట్టుకుని నవ్వుతున్న వాడి ఫోటో. లోపలికి వెళ్లి చూస్తే డబ్బాలన్నీ ఆమెవే, ఆమె పేర్చిన వరసలోనే. 'అడిగాకే' ఉంది. మొహాలు మాడ్చుకోవద్దన్న మాటా ఉంది. ఆఖరికి సాయం పేజీలో అత్తగారి నంబరూ ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, కొన్నాళ్ల కిందట లాండ్రీ పెట్టుకుంటున్నానంటూ నమూనా అడిగి తీసుకుని, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేకుండా పోయిన మనిషి ఒకడున్నాడని.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అంగడివాళ్లకు ఫిర్యాదు పెట్టింది, రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. జవాబు మర్యాదగానే వచ్చింది. టెంప్లేటు అంటేనే కాపీ చేసుకునేదనీ, నమూనాకు కాపీ వీలు ఆమే తెరిచి ఉంచిందనీ, అందువల్ల దొంగతనం అనడానికి లేదనీ దాని సారాంశం. చదివి ఆమె లేచి వంటింట్లో అటూ ఇటూ తిరిగింది.

"అంటే తలుపు తీసి రండి కూర్చోండి అంటే, ఇల్లు వాళ్లదే అయిపోతుందా?" అంది భర్తతో.

భర్త నెమ్మదస్తుడు. వాడు పెద్దవాడో చిన్నవాడో తెలియదు, గొడవ పెంచుకోవద్దన్నాడు. పక్క గదిలోంచి అత్తగారు విన్నారు. ఆవిడ ఎవరితోనూ చెప్పకుండా, సాయం అడిగిన ఆ లాండ్రీ యజమాని చేత కొన్న రసీదు వెతికించి, అందులోంచి ఆ ఫోటోలోని కోటువాడి నంబరు తీసుకుని, తానే ఫోన్ కలిపారు. కోడలు ఆవిడ గొంతు విని వచ్చేసరికి మాట మొదలైపోయింది.

"బాబూ, నేను మీ దగ్గర ఎప్పుడు పనికి కుదిరానో కాస్త చెప్తావా? జీతం ఎంతో కూడా చెబితే అడిగి పుచ్చుకుంటాను."

అవతల వాడు తికమకపడ్డాడు. ఆవిడ ఫోన్‌ను స్పీకరులో పెట్టి, తన నంబరు వాడి యాప్‌లో ఎందుకుందని అడిగారు. వాడు నవ్వి, ఏదో పొరపాటమ్మా, తీసేస్తాను, ఈ వ్యాపారంలో అందరూ అందరివీ చూసే చేస్తారన్నాడు. డబ్బాలమ్మాయి ఇక ఆగలేకపోయింది.

"మీరు ఏ లాండ్రీలో కూర్చుని చేశారండీ అది?"

"కూర్చోవడమెందుకండీ? అదంతా ముందే చేసి ఉందిగా."

వాడు ఆ మాట అన్న తీరులో ఎగతాళి కూడా లేదు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది. కోసుకొచ్చినవాడు తోటమాలితో, చెట్టుకు కాసి ఉందిగా అన్నట్టుంది. సాక్ష్యంగా ఆ నంబరునే చూపిద్దామనుకుంది. మర్నాడు పొద్దున చూసేసరికి వాడు దాన్ని తీసేశాడు. కోపంలో తాము చేసిన ఫోనే వాడికి హెచ్చరిక అయింది. ముందే ఫోటో తీసి పెట్టుకోవాలన్న ఊహ ఎవరికీ రాలేదు. ఫిర్యాదులో రెండు టెంప్లేట్లూ చూపించింది గానీ, సాయం పేజీ చూపలేదు. అత్తగారు ఆ పూట కూరలో ఉప్పు సరిపోయిందో లేదో అడగలేదు, ఎవరి మొహమూ చూడలేదు. కోడలు ఆవిడను తప్పు పట్టలేదు. ఆవిడ పోట్లాడింది తన కోసమే కదా.

ఆమె మళ్లీ రాస్తే అంగడివాళ్లు రెండో జవాబు ఇచ్చారు. ఒకేలాంటి సరుకులు రెండు ఉండకూడదన్నది నియమమట. ఇద్దరూ ఒప్పుకుంటే ఒకే టెంప్లేటుగా కలిపి, సహ రూపకర్తలుగా ఇద్దరి పేర్లూ వేసి, రాబడి చెరిసగం ఇస్తారట. ఒప్పుకోకపోతే తక్కువ అమ్ముడవుతున్నది తీసేస్తారట. ధర సగానికి కోసినవాడిది ఎక్కువ అమ్ముడవుతుందని చెప్పడానికి లెక్కలు రావాలా? తీసేసేది ఆమెదే. దానితో పాటు, వాడినవాళ్లు ఇన్నాళ్లుగా రాసిన మంచి మాటలన్నీ పోతాయి. కోటువాడు అప్పుడే ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకోడు?

భర్త ఆ సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని, గోళ్లలో గ్రీజు తీసుకుంటూ, మెల్లగా నచ్చజెప్పబోయాడు. సగమైనా మిగులుతుంది, మన పిల్లదాని చదువు ఆగదు, పేరుదేముంది అన్నాడు. ఆమె అతని గోళ్ల వంక చూసింది.

"రేపు మీ డిపోలో మీరు బాగుచేసిన ఇంజిన్‌ను, ఇదంతా నేనూ ఆయనా కలిసి చేశామని ఎవడో పెద్దసారుకు చెప్తే, అవునండీ అని తలూపి వస్తారా?"

భర్త గోళ్ల పని ఆపాడు. తలూపనని ఒప్పుకున్నాడు. కానీ ఆ తర్వాత ఆ ఉద్యోగం ఉంటుందో లేదో అన్నాడు. అది భయమే గానీ అబద్ధం కాదు. ఆమెకూ అదే భయం ఉంది. ఆ టెంప్లేటు పోతే ఆమె రాబడిలో పెద్ద ముక్క ఖాళీ. ఇంకొకటి కట్టి, జనం నమ్మి కొనేదాకా ఎన్నాళ్లు పడుతుందో ఎవరు చెప్పగలరు?

గడువు చివరి రోజు అంగడి ఫిర్యాదుల విభాగం నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మర్యాదస్తురాలు. పాపం, చదివి వినిపించే పని ఆ పిల్లది. మేడమ్, ఒప్పుకుంటున్నట్టు చెబితే చాలు, మీ పేరు కూడా ఉంటుందంది.

"కూడా అంటే?" అంది డబ్బాలమ్మాయి.

ఆ అమ్మాయి అదే వాక్యం మళ్లీ చదివింది.

"నా పేరు కూడా ఉండేదేంటమ్మా? అది నేను కట్టింది. సగం నాదని రాస్తే, మిగతా సగం వాడిదని నా నోటితో నేనే చెప్పినట్టు. నేను చెప్పను."

ఆ అమ్మాయి గొంతు తగ్గించి, అలాగైతే మీకే నష్టం కదండీ అంది. ఆ మాట మాత్రం చదివింది కాదు.

"నష్టమే. నాకు తెలుసు. తీసేయండి. కానీ తీసేసింది మీరని రాసుకోండి, నేను వదులుకున్నానని రాయకండి."

కాసేపటికి తెర మీద ఆమె లాండ్రీ ఉన్నచోట ఖాళీ జాగా మిగిలింది. కొన్నవాళ్లు రాసిన మాటలు, బాబాయ్ తన కొడుకు చేత రాయించిన రెండు వాక్యాలతో సహా, అన్నీ పోయాయి. కోటువాడిది మాత్రం, పక్కన వాడి నవ్వు ఫోటోతో, అక్కడే ఉంది. ఆమె ఏడవలేదు. ల్యాప్‌టాప్ మూసి, సంచి భుజాన వేసుకుంది. ఎక్కడికని అత్తగారు అడిగారు.

"చెప్పులు బాగుచేసే కొట్టుకి అత్తయ్యా. వాళ్ల కొట్లో ఎవరి జత ఎవరిదో తెలియక ఒకటే గోల. చూసొస్తాను."

"ఇది కూడా ఎత్తుకుపోతే?"

"ఈసారి అంగట్లో పెట్టను. కొట్టు కొట్టుకీ నేనే తిరిగి అమ్ముకుంటాను. ముట్టుకుని చూడాలంటే నా ముందే ముట్టుకుంటారు."

వీధి చివర చెప్పులు బాగుచేసే పెద్దాయన తలెత్తి చూసి, పని ఆపకుండానే కాలితో స్టూలు ముందుకు తోశాడు. ఆయన చుట్టూ విడిపోయిన అడుగులూ, తెగిన పట్టీలూ. దారంతో కట్టిన జతల మీద సుద్దముక్కతో రాసిన గుర్తులు సగం చెరిగిపోయి ఉన్నాయి. ఎవరో వచ్చి తన బూటు కాదిది అంటున్నారు, పెద్దాయన అదేనంటున్నాడు. డబ్బాలమ్మాయి కూర్చుంది. కోపం ఇంట్లో వదిలి రాలేదు. ఆ బూటు ఎవరిదో మాత్రం శ్రద్ధగా వినసాగింది.