సైకాలక్క బీరువాలో టోపీలు

సైకాలక్కకు కోపమొస్తే టోపీ లాక్కుంటుంది. ఆమెకు కోపం రాని పూట మా నారిన్ ఆసుపత్రిలో ఎవరూ చూడలేదు. గుండెనొప్పితో వచ్చినవాళ్ళ రక్తం తీయడం ఆమె పని. "చెయ్యి చాపు! గొర్రె కొవ్వు మింగేటప్పుడు వణకలేదే ఈ చెయ్యి!" అంటూనే వాళ్ళ నెత్తిమీది కల్పాక్, అంటే తెల్ల ఉన్ని టోపీ, ఊడబెరికి బీరువాలో పెట్టి తాళం వేసేది. మా వైపు మగాడు ప్యాంటు లేకుండానైనా బజారుకెళ్తాడేమో గానీ, కల్పాక్ లేకుండా గడప దాటడు.

అంబులెన్సు నడిపేవాణ్ణి కనుక ఈ దోపిడీకి నేనే సాక్షిని.

ఓ పండగనాడు ఎస్తెబెస్ తాతను పందెం మైదానం నుంచి తెచ్చాను. ఛాతీలో బండ పెట్టినట్టుందన్నాడు. రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. వెంటనే బూట్లు తొడుక్కున్నాడు.

"బాగుందన్నారుగా! సాయంత్రం నా చుక్కగుర్రం పరుగుంది, పోతున్నా."

"కూర్చో పెద్దాయనా! దెబ్బతిన్న గుండె దొంగలాంటిది, అడగ్గానే ఒప్పుకోదు. కాసేపాగి మళ్ళీ రక్తం చూస్తేనే నిజం కక్కుతుంది."

"నా కల్పాక్ ఇచ్చి మాట్లాడు!"

"రెండో రక్తం ఇచ్చి అడుగు!"

"రాక్షసీ! నీ మొగుడెలా భరిస్తున్నాడే నిన్ను?"

"పారిపోవడానికి ఆయనకీ టోపీ లేదు!"

తాత నావైపు తిరిగాడు. "ఒరేయ్, నీదివ్వరా."

"నాదీ బీరువాలోనే ఉంది తాతా. రెండో పరీక్ష కాకుండానే పేషెంట్లను ఇళ్ళకు దింపుతున్నానని లాక్కుంది."

ఇక తాత ఆమె ఏడు తరాల తాతల్నీ పేరుపేరునా తిట్టడం మొదలుపెట్టాడు.

"ఐదో ఆయన్ని వదిలేశావ్," అంది అక్క సూది సిద్ధం చేస్తూ. "సారిబాయ్. ఆయన్నీ తిట్టు, చెయ్యి మాత్రం కదపకు."

ఈసారి రక్తం నిజం కక్కింది. గుండె కండరం దెబ్బతింటోంది. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. ఆ సాయంత్రం మైదానంలో నిలబడి ఉంటే తాత అక్కడే కూలిపోయేవాడు.

ఇంటికి పంపే రోజున అక్క బీరువా తెరిచింది. కల్పాక్‌లన్నీ పై అరలో, ఉతికిన తెల్లగుడ్డ మీద వరసగా ఉన్నాయి. తాత టోపీకి ఊడిన అంచు కుట్టి ఉంది.

"నా గుర్రం?" అన్నాడు తాత నీరసంగా.

"గెలిచింది. ఆరోజే చెబితే ఎగిరి గంతేసి చచ్చేవాడివి! మా ఆయన తోలుకొచ్చి ఇన్నాళ్ళూ మేపాడు. ఊరంతా నవ్వుతున్నా, బోడినెత్తితో!"

తాత కుట్టిన అంచును వేలితో తడిమి, టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు, ఛాతీ పట్టుకున్న పొరుగాయన్ని వెంటబెట్టుకుని తాతే వచ్చాడు. పొరుగాయన టోపీ అప్పటికే తాత చేతిలో ఉంది.

"టోపీ లాక్కోవడం నా పని! నీకెందుకు?" అని అక్క ఇంతెత్తున లేచింది. ఆ టోపీతోపాటు తాతదీ లాక్కుంది.