సన్న పలుకు రాయి

అవ్వ, అంటే మా అమ్మ, నన్ను అడిగింది ఒక్కటే. "నా సమాధి మీద ఫోటో చెక్కిస్తే మచ్చలు రానియ్యకు బిడ్డా." చిన్నప్పుడు అమ్మతల్లి పోసి ఆమె ముఖమంతా గుంటలు పడ్డాయి. పెళ్లిళ్లలో ఫోటో తీసేవాడు కనబడితే కొంగు అడ్డం పెట్టుకునేది. స్టూడియోవాళ్లు మచ్చలు చెరిపి ఇచ్చిన ఫోటో ఒక్కటే పెట్టెలో దాచుకుంది. సరేనన్నాను.

ఆమె పోయాక ఆ ఫోటో పట్టుకుని కరీంనగర్‌లో ఒక గ్రానైట్ దుకాణానికి పోయాను. నల్లరాయి మీద మెషిన్ మొనతో చుక్కలు పొడుస్తారు. పొడిచిన చోట రాయి నలిగి, వెలుగును అన్ని వైపులా చెదరగొట్టి తెల్లగా కనబడుతుంది. పొడవని చోట నున్నటి నలుపు. రాయిలోని గింజ, అంటే పలుకు, సన్నగా ఉంటేనే ఆ నలుపూ తెలుపూ తేటగా విడిపోయి ముఖం వస్తుంది. అందుకే సన్న పలుకు రాయే కావాలని గట్టిగా చెప్పాను.

"ఫికర్ చెయ్యకు అక్కా," అన్నాడు దుకాణదారు. చెక్కడం అయ్యాక ట్యూబ్‌లైట్ కింద చూపించాడు. బాగానే ఉంది.

లక్సెట్టిపేట దగ్గర మా చేనులో అవ్వ సమాధి మీద, ఎండలో నిలబెట్టాక అసలు సంగతి బయటపడింది. రాయి నిండా పెసరగింజలంత పలుకులు. ఒక్కో పలుకు ఒక్కో వైపుకు తిరిగి ఉంటుంది కదా, ఎండ పడగానే కొన్ని తళుక్కుమన్నాయి, పక్కవి నల్లగానే ఉండిపోయాయి. అవ్వ బుగ్గల నిండా మచ్చలు.

ఫోన్ చేస్తే "రాయి గదా అక్కా, జర అటిటు ఉంటది," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సన్నబియ్యం అడిగినవాళ్లకు దొడ్డబియ్యం కొలిస్తే ఎవరైనా ఊరుకుంటారా?

మా నాన్న, బాపు, మాత్రం ఆ రాయి మీద చెయ్యి వేసి చాలాసేపు చూశాడు. "ఉండనియ్యి బిడ్డా. గిప్పుడు అచ్చం గామె లెక్కనే ఉన్నది."

చుట్టాలు కూడా కళ్లు తుడుచుకుంటూ అదే మాట అన్నారు. నా కోపమంతా వాళ్ల మీదికి మళ్లింది. ఆ ముఖాన్ని బతుకంతా మోసింది ఆమె. ఎలా కనబడాలో చెప్పి మరీ పోయింది. ఇక అచ్చం ఆమె లెక్క ఉండటం ఎవరికి కావాలి?

"గా మచ్చలు నీకు ముద్దు బాపూ, అవ్వకు గాదు," అన్నాను.

వేరే చోట నుంచి సన్న పలుకు రాయి తెప్పించి, ఎండలో పెట్టి చూసుకున్నాకే చెక్కించాను. ఇప్పుడు చేనులో అవ్వ నున్నటి ముఖంతో ఉంది. పాత రాయిని బాపు ఇంటికి మోయించుకుని తన మంచం పక్కన నిలబెట్టుకున్నాడు. నేను ఆ ఇంటికి పోయినప్పుడల్లా దాని మీద అవ్వ చీర కప్పి వస్తాను. మళ్లీ పోయేసరికి చీర మడతపెట్టి మంచం మీద ఉంటుంది.