గాజుపెట్టెలో గోంగూర

మొన్న పొద్దున డ్యూటీ దిగి, సౌదీలో యాన్బు ఊళ్ళో మా నర్సుల హాస్టల్ గదికి వచ్చి బూట్లు విప్పుకుంటుంటే ఫోన్లో ఒక ఫోటో వచ్చింది. పంపినావిడ నాకు తెలియదు. స్కాట్లండులో ఒక చిన్న దీవిలో ఊరివాళ్ళు తమ పాత వస్తువులనీ కాగితాలనీ దాచుకునే గది ఒకటుందట, దాన్ని చూసుకునే ఆవిడట. మా పాత మేట్రన్‌ది ఆ దీవే. ఆవిడ పోయాక ఆవిడ పెట్టె ఆ గదికి చేరింది, అందులోని డైరీలో నా నంబరు దొరికింది. ఫోటోలో వలలు అల్లే సూదులు, బడి హాజరు పట్టీలు, ఎవరి గొర్రెలకు చెవి మీద ఏ గాటు గుర్తో రాసుకున్న పుస్తకం, పక్కనే గాజుపెట్టెలో మా మేట్రన్ ఆస్పత్రి కార్డు, ఒక తెలుగు కాగితం. 'గోంగూర పచ్చడి చేసే విధానం, సౌదీ అరేబియా' అని దాని కింద చీటీ. ఇంకేమైనా వివరాలు చెప్పగలరా అని అడిగింది. గొర్రె చెవుల్ని కూడా పుస్తకంలోకి ఎక్కించిన మనుషులు మరి, అడగరూ!

ఫోటో పెద్దది చేసి చూశాను. అది గోంగూర కాదు. మా అక్క తన కూతురికి రాసిన ఉత్తరం.

అక్కంటే తోడబుట్టింది కాదు. ఎనిమిదేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. అమలాపురం వైపు మనిషి, ఎవరికీ జంకేది కాదు. ఈజిప్టు డాక్టర్ని పట్టుకుని "ఏవయ్యా, చేతులు కడుక్కున్నావా?" అని తెలుగులోనే గదమాయించేది, పాపం ఆయన వెళ్ళి కడుక్కునేవాడు. ఆ రోజుల్లో ఎవరు సెలవు మీద ఇంటికి వెళ్తున్నా అందరి ఉత్తరాలూ వాళ్ళ సంచీలోనే వెళ్ళేవి. ఎవరైనా ఫైనల్ ఎగ్జిట్ మీద మొత్తానికే వెళ్ళిపోతుంటే, తలా ఒక వంట కాగితం మీద రాసి ఇవ్వడం మా హాస్టల్ ఆచారం. పదిహేడేళ్ళ కింద ఆ రెండు ప్రయాణాలూ ఒకే రోజున పడ్డాయి. మేట్రన్ మొత్తానికే వెళ్తోంది, మావైపు నర్సు ఒకామె సెలవు మీద వెళ్తోంది. మేట్రన్ దొరసానికి తెలుగెక్కడ వచ్చే అని నేనంటే, "గోంగూరకి మాత్రం ఇంగ్లీషు వచ్చేంటి?" అని అక్క తెలుగులోనే రాసేసింది. డ్యూటీకి పరిగెడుతూ నా చేతిలో రెండు కవర్లు పెట్టింది. రెండూ ఆస్పత్రి కవర్లే, పేర్లు లేవు.

"ఇది దొరసానికి, ఇది మా పిల్లకి. తారుమారు చేసేవు, అసలే నీ బుర్ర అంతంతమాత్రం" అంది.

చేశానన్నమాట. ఆ సంగతి ఇన్నేళ్ళూ నాకే తెలియదు. అక్క ఆ వారంలోనే తల్లో నరం చిట్లి వార్డులోనే కుప్పకూలి ప్రాణం వదిలింది. కూతురు అప్పటికి నర్సింగ్ మొదటి ఏడు. ఇప్పుడు ఇక్కడే సౌదీలో, అభా ఊళ్ళో పెద్ద ఆస్పత్రిలో చేస్తోంది, నన్ను పిన్నీ అంటుంది.

ఉత్తరం చదివాను. 'నర్సింగ్ మానెయ్యనా అని అడిగావు కదా. మానెయ్ తల్లీ. రక్తం చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయని నాకు తెలీదా? మీ నాన్నతో నేను మాట్లాడతాను. నువ్వు ఇంటికొచ్చెయ్.'

ఏడుపొస్తుందేమోనని మంచం మీద కూర్చున్నాను. రాలేదు. స్నానం చేశాను, చారు పెట్టుకున్నాను, ఉప్పు కూడా సరిగ్గానే పడింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటూ మధ్యాహ్నమంతా గడిపాను. సాయంత్రం ఆ పిల్లకి ఫోన్ చేసి, కవర్లు మార్చింది నేనేనని చెప్పేశాను.

"ఆఖరిసారి ఫోన్లో మాట్లాడినప్పుడు నాన్న నా పక్కనే ఉన్నారని, అంతా ఉత్తరంలో రాశానే అంది అమ్మ. తీరా కవరు అందేసరికి అమ్మ లేదు, విప్పితే గోంగూర. జవాబు చెప్పడం ఇష్టంలేక అలా పంపిందనుకున్నాను పిన్నీ. ఇంక నోరెత్తకుండా చదివేశాను" అంది. తరవాత, "ఆ ఉత్తరం చదువు" అంది.

చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. తిట్టలేదు, తిడితే బాగుండును.

"ఐసీయూలో నా కింద తొమ్మిదిమంది చేస్తున్నారు. ఇప్పుడు ఇంటికొచ్చెయ్ అంటే నేనెక్కడికెళ్ళను?" అంది. డ్యూటీ టైమైందని పెట్టేసింది.

అక్క జవాబు పదిహేడేళ్ళకు చేరింది గానీ, దాన్ని అందుకోవలసిన పంతొమ్మిదేళ్ళ పిల్ల ఇప్పుడు ఏ ఊళ్ళోనూ లేదు.