కారణం రాయాల్సిన గడి

నా కూతురు చెయ్యని తప్పుకు నేను ఆమెను క్షమించాను. ఆ తప్పు నాదని నాకు అప్పటికే తెలుసు. అయినా ఆ పిల్ల ఎదురుగా నిలబడి "తప్పైపోయింది నాన్నా" అంటే, "పర్లేదులే అమ్మా" అన్నాను. రెండేళ్లు ఆ మాటను అలాగే ఉండనిచ్చాను. మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ, ఆ పిల్ల కాలేజీకి సరిగా వెళ్లక ప్రభుత్వం ఇచ్చే ఫీజు పోగొట్టుకుందనే అనుకుంటున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఆ పిల్ల ఏమీ పోగొట్టలేదు.

ముక్తేశ్వరం చుట్టుపక్కల కొబ్బరి తోటలు తిరిగి, చెట్ల మీంచి కాయ దింపు చేయించి, లారీకి ఎక్కించడం నా పని. తోటలు నావి కావు, కాయా నాది కాదు. వ్యాపారి తరఫున తిరుగుతాను. ఈ పనికి కాలు నిలవని మనిషి కావాలి. నాకు చిన్నప్పటినుంచీ కాలు నిలవదు.

కారు మా బావమరిదిది. కువైట్‌లో డ్రైవరు. సెలవుకు వచ్చినప్పుడు తిరగడానికని పాత కారొకటి బేరం చేసుకున్నాడు. కాయితాలు పూర్తయ్యేలోపే సెలవు అయిపోయింది.

"మీ పేరున రాయించెయ్యండి బావగారూ. వచ్చే సెలవులో మార్చుకుందాం. అప్పటిదాకా మీరే తిప్పండి, ఊరికే ఉంటే బండి పాడైపోద్ది" అన్నాడు.

సంతకాలు పెట్టించిన బ్రోకరు ఒక్క మాట అడిగాడు. "రేషన్ కార్డుకీ అదీ ఏమన్నా తేడా వస్తుందేమో కనుక్కున్నారాండీ?"

"చూద్దాంలెండి" అన్నాను. అప్పటికే తాళం నా చేతిలో ఉంది.

తోటలకు ఆ కారులోనే వెళ్లేవాణ్ణి. చెట్లెక్కే దింపు వాళ్లలో ఒక పెద్దాయన మొలకు తాడు కట్టుకుంటూ నన్ను ఆటపట్టించేవాడు. "కారేసుకొచ్చి కాయలేరించే గుమస్తాని మిమ్మల్నే చూశానండి బాబూ."

"నాది కాదయ్యా, మా బావమరిదిది."

"ఆయ్. కూర్చునేది మాత్రం మీరే కదండీ."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ ఎగతాళి నాకు బాగుండేది, అది కూడా చెప్పాలి.

ఆ ఏడాదే మా అమ్మాయి అమలాపురం అవతల కాలేజీలో ఇంజనీరింగులో చేరింది. ఫీజు ప్రభుత్వం కడితేనే ఆ చదువు. కట్టకపోతే లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికంటే ఆ పిల్లకే బాగా తెలుసు. ఆదాయం కాగితం, కులం కాగితం, బోనఫైడ్, ఆధార్ జిరాక్సులు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తనే తిరిగింది. గ్రామ సచివాలయంలో తల్లి వేలిముద్ర పడాలన్నారు. మా ఆవిడ రొయ్యల కంపెనీలో పని చేస్తుంది. రొయ్య తలలు తీసి తీసి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. ఎన్నిసార్లు పెట్టినా మిషను ఎర్రగానే వెలిగింది. వెనక వరసలో వాళ్లు విసుక్కుంటున్నారు. మా అమ్మాయి ఎవరినో అడిగి కాస్త కొబ్బరినూనె తెచ్చి, తల్లి వేలికి రాసి, చున్నీతో తుడిచి, "నొక్కకమ్మా, ఊరికే ఆనించు" అంది. పచ్చగా వెలిగింది. ఆ పూట ఇంటికి వస్తూ ఆ పిల్ల ఆ వేలు వదల్లేదు.

మొదటి ఏడాది రెండో సెమిస్టరులో మా అమ్మ కాలవ రేవులో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయ్యాక నెలన్నర మంచం దిగకూడదన్నారు. మా ఆవిడకు తెల్లవారేసరికి కంపెనీ బస్సు వచ్చేస్తుంది. వరసగా మానేస్తే పని ఉండదు. మంచం దగ్గర కూర్చోవలసినవాణ్ణి నేను. కొన్ని రోజులు కూర్చున్నాను కూడా. అరగంటకే కాళ్లు లాగేవి. రాజోలు నుంచి లారీ వస్తుందనో, తోటలో మనుషులు ఎదురుచూస్తున్నారనో చెప్పి లేచిపోయేవాణ్ణి. కొన్నిసార్లు లారీ నిజంగానే వచ్చేది.

మా అమ్మకు నా సంగతి తెలుసు. మనవరాలితో అనేది, "మీ నాన్న కుర్చీలో చీమలున్నట్టు కూర్చుంటాడే. ఆడి చేత మంచినీళ్లు తాగాలన్నా భయమేస్తంది. నువ్వే ఉండిపోవే."

"ఉంటాలే మామ్మా, ఎక్కడికీ వెళ్లను" అనేది ఆ పిల్ల. ఉండిపోయింది. మంచం పక్కనే పుస్తకాలు పెట్టుకుని చదువుకుంది. పరీక్షలు పాసయింది గాని హాజరు తగ్గింది. నూటికి డెబ్బై అయిదు ఉండాలి. లేదు. డాక్టరు చీటీ పెట్టి, జరిమానా కట్టి, కాలేజీ ఆఫీసులో బతిమాలుకుంటే పరీక్షలకు కూర్చోనిచ్చారు.

మొదటి ఏడాది ఫీజు మాకూ వచ్చింది. రెండో ఏడాది క్లాసులో అందరికీ ఫీజు మంజూరయింది. మా అమ్మాయి ఫోనులో చూసుకుంటే "అర్హత లేదు" అని మాత్రం వచ్చింది. ఎందుకో రాయలేదు. "నేను కనుక్కొస్తాలే" అని సచివాలయానికి వెళ్లాను. దార్లోనే నా మనసులో ఒక అనుమానం ఉంది. బ్రోకరు మాట మరిచిపోలేదు.

అక్కడ కంప్యూటరు ముందున్న అమ్మాయి మా ఊరి పిల్లే. వెతికి చూసి, కుర్చీ నా వైపు తిప్పి, గొంతు తగ్గించి చెప్పింది. "హాజరు గొడవ కాదండి బాబాయిగారూ. అది కాలేజీవాళ్లు సరిచేసి పంపించేరు. మీ పేరున కారుందండి. కిందటేడు కంప్యూటరులోకి ఎక్కలేదు, ఈ ఏడు ఎక్కిందండి. కారున్న ఇంటికి ఫీజు రాదండి."

"అది నాది కాదమ్మా."

"మీది కాదని ఊరందరికీ తెలుసండి. కంప్యూటరుకి తెలీదు కదండీ. బండి పేరు మార్పించుకుని, ఆ కాగితం పట్టుకొచ్చి అర్జీ పెట్టండి. ఆలస్యం చెయ్యకండేం."

"ఆయ్" అన్నాను. బయటికి వచ్చి తిన్నగా ఇంటికి పోలేదు. ఏ పనీ లేకుండా కొత్తపేట దాకా వెళ్లి, టీ కొట్టు దగ్గర ఆగి, తాగకుండా డబ్బులిచ్చి వచ్చేశాను. దారంతా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"నా వల్లే కదా నాన్నా?" అంది. "హాజరు వల్లేనంట, క్లాసులో అంటున్నారు. అందరికీ వచ్చింది, నా ఒక్కదానికే రాలేదు. తప్పైపోయింది నాన్నా."

నేను నోరు తెరిచాను. దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "పర్లేదులే అమ్మా" అని వచ్చింది.

మా ఆవిడ లోపల్నుంచి అంది, "మీ నాన్న కాబట్టి సరిపోయింది. ఇంకోళ్లయితే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేవారు."

మర్నాడు చెప్పొచ్చు అనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను. బావమరిదికి ఫోను చేశాను. "కారు పేరు మార్చుకోవాలయ్యా" అంటే, "తొందరేముంది బావగారూ, నేనొస్తున్నాగా" అన్నాడు. ఎందుకో చెప్పి ఉంటే ఆ వారమే అమ్మించేసేవాడు. మేనకోడలంటే అతనికి ప్రాణం. కానీ అతనికి చెబితే వాళ్లక్కకు చెప్తాడు, ఆవిడ కూతురికి చెప్తుంది. నేను "పర్లేదులే" అన్న మాట ఏమవుతుంది? అందుకని చెప్పలేదు. అతని సెలవు వాయిదా పడింది. అర్జీకి గడువు దాటింది. తర్వాత ఏళ్లలోనూ అదే జరిగింది. కారు మీద పట్టా కప్పి పెరట్లో పెట్టేశాను. ఎందుకని అడిగితే పెట్రోలు దండగని చెప్పి, మోటారుసైకిలు మీద తిరగడం మొదలుపెట్టాను. ఆ పెరట్లోకి వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి వెళ్లేవాణ్ణి.

ఫీజులు ఎలా కట్టామో ఇక్కడ రాయను. రాస్తే నేనేదో కష్టపడ్డట్టు ఉంటుంది. ప్రతి సెమిస్టరూ హాల్‌టికెట్ ఇచ్చే ముందు కిటికీ దగ్గర నిలబడి గడువు అడిగింది ఆ పిల్ల. సెలవుల్లో చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పింది ఆ పిల్ల. ఒక్క పూట కూడా కాలేజీ మానలేదు. జ్వరంతో వెళ్లింది, మోకాలి లోతు వాన నీళ్లలో చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లింది. పుస్తకం వెనక అట్ట మీద ఏ నెలకు ఎన్ని రోజులో గీతలు గీసుకునేది. ఆ అట్ట చూసినప్పుడల్లా నాకు ఒకచోట నిలబడాలనిపించేది కాదు.

మూడో ఏడాది మా అమ్మ బాగా నీరసించింది. ఒక ఉదయం గంజి కూడా మింగలేకపోయింది. మా అమ్మాయి బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"మామ్మ మింగట్లేదు నాన్నా. ఉండిపోనా?"

ఉండమ్మా అనాలి. అంటే "హాజరు?" అని అడుగుతుంది. దానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. అది చెప్పే ధైర్యం లేదు. వాచీ చూసుకున్నాను.

నేను వాచీ చూడటం ఆ పిల్ల చూసింది. "వద్దులే. ఒకసారి ఉండిపోయే కదా అంతా పోగొట్టాను" అని బస్సుకు వెళ్లిపోయింది.

మా అమ్మ రెండుసార్లు అడిగింది, "పిల్లొచ్చిందిరా?" అని. వస్తుందన్నాను. మధ్యాహ్నం దాటాక పోయింది. సాయంత్రం బస్సు దిగి వచ్చిన పిల్ల, భుజాన బ్యాగు తియ్యకుండానే మామ్మ పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

ఇప్పుడు ఆఖరి సంవత్సరం. వాళ్ల కాలేజీలో చదివి బయటికెళ్లిన పాత విద్యార్థులు కొందరు, ఫీజు కట్టలేని పిల్లలకు సాయం చేస్తున్నారు. ఆ దరఖాస్తు తెచ్చుకుంది. ఒక ఆదివారం పొద్దున్న అరుగు మీద కూర్చుని నింపి, నా చేతికిచ్చింది.

"కింద నువ్వు సంతకం పెట్టాలి నాన్నా."

చదివాను. మార్కులు, ఆదాయం, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఒక గడి. ఇంతకు ముందు పొందిన సాయం ఆగిపోయి ఉంటే కారణం రాయాలి. గుండ్రటి అక్షరాలతో రాసింది: "మొదటి సంవత్సరం నా హాజరు తగ్గినందువల్ల ఆగిపోయింది. బాధ్యత నాదే." కింద నేను సంతకం పెట్టాల్సిన చోట, పై వివరాలు నాకు తెలిసినంతవరకు నిజమని అచ్చు వేసి ఉంది.

"ఇలా రాస్తే ఇస్తారా అమ్మా?"

"ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోతే ఈ ఏడు ఎలాగో చూడాలి. అలాగని అబద్ధం రాయలేను కదా."

పెన్ను తీసుకున్నాను. మంచినీళ్లు తాగి వస్తానని లేచాను. లోపలికి వెళ్లి, తాగకుండా పెరట్లోకి వెళ్లాను. కారు మీద పట్టా సరిచేశాను. అది సరిగానే ఉంది. మోటారుసైకిలు తాళం కోసం జేబు తడుముకున్నాను. ఎవరో పిలిచారని చెప్పి అటునుంచి అటే పోవచ్చు. మా అమ్మ మంచం దగ్గర నుంచి ఎన్నోసార్లు అలాగే పోయాను. తాళం జేబులోనే వదిలేసి వచ్చి కూర్చున్నాను.

"పెన్ను రాయట్లేదా నాన్నా?"

"రాస్తుంది. ఇది నిజం కాదమ్మా. హాజరు కాదు. నా పేరున కారు ఉండటం వల్ల ఆగింది."

ఆ పిల్ల నా మొహం కేసి చూసింది. నేను చెప్పుకుంటూ పోయాను. రూలు తెలియదన్నాను. మావయ్యకు సెలవు దొరకలేదన్నాను. గడువు దాటిపోయిందన్నాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"సచివాలయానికి వెళ్లిన రోజు."

"నేను మెట్ల మీద కూర్చున్న రోజేనా? నేను తప్పైపోయింది అన్నాక తెలిసిందా, ముందేనా?"

"ముందే."

మా అమ్మాయి దరఖాస్తు నా చేతిలోంచి తీసుకుంది.

"మామ్మ పోయిన రోజు ఉండిపోనా అని అడిగాను కదా నాన్నా."

"మీ మావయ్య ఆ నెలలో వస్తానన్నాడు, అందుకని నేను..."

"మావయ్య సంగతి నేనడగలేదు."

స్కేలు పెట్టి ఆ గడిలో రాసినదంతా కొట్టేసింది. పైన ఖాళీలో చిన్న అక్షరాలతో "తండ్రి పేరున కారు ఉన్నందువల్ల" అని రాసి, కాగితం నా ముందుకు జరిపింది. సంతకం పెట్టాను. ఆమె లేచి వెళ్లలేదు. కాగితం తీసుకోలేదు కూడా. ఇంకా ఏదో బాకీ ఉన్నట్టు అలాగే కూర్చుంది. అప్పటిదాకా నేను చెప్పినవన్నీ కారణాలేనని అప్పుడు తెలిసింది.

కాళ్లు రెండూ అరుగు మీదికి తీసుకుని, మఠం వేసుకుని కూర్చున్నాను.

"తప్పైపోయిందమ్మా" అన్నాను. "ఆ రోజు మెట్ల దగ్గర ఈ మాట అనాల్సింది నేను. నీ చేత అనిపించి ఊరుకున్నాను. మామ్మ దగ్గర నిన్ను ఉండనివ్వకుండా చేసింది కూడా నేనే. నువ్వు మాత్రం పర్లేదులే అనకమ్మా."