మగ్గం గదిలో కన్ను

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, గట్టిగా చెప్పే మాట కాదిది.

మాది గద్వాల, చీరలు నేసే ఇల్లు. ఒంటికి నూలు, అంచుకు పట్టు. రెండూ కలిపి నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి; దారం కండె ఉండే నాడెను ఒకరు చాపితే ఇంకొకరు అందుకోవాలి. నా పెనిమిటి పోయాక ఒక్కదాన్నే సాదా చీరలు నేస్తున్నాను. పోయిన ఏడు ఎవరో పట్టు కండెలు ఎత్తుకుపోతే, మా మరిది మగ్గం గదిలో కెమెరా పెట్టించాడు. నెల తిరక్కుండానే అది చెడిపోయిందన్నాడు. నేను దాని ఊసే మరిచిపోయాను.

మధ్యాహ్నం పూట మరిది పెండ్లాం దగ్గర కూర్చుని ఫోనులో సినిమా చూడడం నాకు అలవాటు. ఆ రోజు సినిమాలో ఒకడు ఎదురింటామెను కిటికీలోంచి చూస్తుంటాడు. ఆమె తల దువ్వుకుంటుంది, చాయ్ కాస్తుంది. అర్ధగంటైనా ఏమీ జరగదు. అయినా నా గుండె దడదడలాడుతూనే ఉంది.

"ఎవరన్న చెప్పరాదె ఆమెకు!" అన్నాను.

"చెప్తె సినిమ అయిపోతది గదక్కా" అని తోడికోడలు నవ్వింది.

సినిమాలో ఆమె రెండు కప్పుల్లో చాయ్ పోసి, ఒకటి ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. మా తోడికోడలు పల్లీలు నములుతూ, "అచ్చం నీలెక్కనే! నువ్వు గూడ బావ కూసునే దిక్కు నాడె చాపి, అందుకో అంటవు" అంది.

నా నోట్లో పల్లీలు నోట్లోనే ఉండిపోయాయి. గది గడియ పెట్టుకొని, ఆయన పక్కనున్నట్టే నాడె చాపి మాట్లాడడం నా ఒక్కదాని సంగతి. కన్నబిడ్డకు కూడా చెప్పలేదు.

"నీకెట్ల తెలుసే?"

ఆమె సినిమా ఆపి, ఫోను బోర్లా పెట్టింది.

"గా కెమెరా చెడిపోలేదా?"

"ఫోన్ల వస్తదక్కా. పొద్దుపోక చూసిన."

"ఎప్పటి సంది?"

"మొదటి సంది."

ఏడాది పాటు నా ఏడుపు చూసి, ఆ వెంటనే వచ్చి నాకు కూరగిన్నె అందించిన మనిషి! ఇంకొకటీ ఉంది, దాచను. అప్పటిదాకా ఆ సినిమా ఆమెను నేనూ కళ్లప్పగించి చూశాను. ఇంకాసేపు చూడొచ్చని, వాడు దొరకకూడదనే లోపల అనుకున్నాను.

ఆ సాయంత్రమే నేనడిగితే మరిది తల దించుకొని కెమెరా విప్పేశాడు. మరునాడు మగ్గం మీద కూర్చుని నాడె అటు చాపబోయాను. చెయ్యి సాగలేదు. ఇప్పటికీ సాగదు. ఆయన రెండోసారి పోయినట్టయింది.

మీ ఇల్లు చల్లగుండాలి తల్లీ. మీ కన్నీళ్లు చూసినవాళ్లు, చూశామని చెప్పి పక్కన కూర్చునేవాళ్లే కావాలి.